రెండో వార్డుకు సున్నా

ఆసుపత్రిలో నూట పన్నెండు కంప్యూటర్లుండేవి. వాటిని చూసుకునేది నేనొక్కణ్ణే. నా గది మెట్ల కింద. లేచి నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఎక్కువగా కూర్చునే ఉండేవాణ్ణి. ఎప్పుడూ మెడలో ఒక వైరు చుట్ట వేలాడుతూ ఉండేది. అందుకని నన్నందరూ ‘వైరు’ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మా వదిన.

వదిన అదే ఆసుపత్రిలో రెండో వార్డు నర్సు. ఇరవై రెండేళ్ల సర్వీసు. అన్న బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. నేనూ అన్నా పెద్దగా మాట్లాడం. ఇద్దరి వాటా మాటలూ వదినే మాట్లాడేది. “మీ అమ్మ మిమ్మల్నిద్దర్నీ కనేటప్పుడు మాటల మూట పక్కింట్లో మరిచిపోయొచ్చింది” అని నవ్వేది.

ప్రతి కంప్యూటరూ లోపల ఒక చిట్టా రాసుకుంటుంది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపమన్నారు, ఎవరు పాస్‌వర్డు కొట్టారు, ఎవరు తప్పు కొట్టారు, అన్నీ సెకన్లతో సహా. అడిగినా అడక్కపోయినా రాస్తుంది. ఎవడైనా భయపడి దాన్ని తుడిచేస్తే, తుడిచినవాడి పేరు కొత్త చిట్టాలో మొదటి వరుసగా రాసుకుంటుంది.

నూట పన్నెండు చోట్లకు తిరగలేక నేనొక స్క్రిప్టు, అంటే కంప్యూటరుకిచ్చే ఆజ్ఞల వరస, రాశాను. రాశానంటే సగం రాశాను, సగం ఎక్కడెక్కడో చూసి ఎత్తుకొచ్చాను. నలభై వరుసలు. ఒక ఫైల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఉంటాయి. స్క్రిప్టు ఆ పేర్లను ఒక్కొక్కటే పిలుస్తుంది. పిలిచిన కంప్యూటరు తన చిట్టా విప్పి చూపిస్తుంది. మా బడిలో అయ్యవారు హాజరు పిలిచే పద్ధతే.

అయ్యవారు పిలిచినప్పుడు ఎవడైనా పలక్కపోతే ఆయన పుస్తకం ముయ్యడు. “ఒరే, వాడింటికెళ్లి ఏమైందో చూసి రండి” అని ఇద్దర్ని పంపేవాడు. నా స్క్రిప్టు కూడా మొదట్లో ఊరుకునేది కాదు. ఏ కంప్యూటరైనా పలక్కపోతే ఎర్ర అక్షరాల్లో నాలుగు వరుసల గోల పెట్టేది.

సూపరింటెండెంటు గారికి ఆ ఎరుపు నచ్చలేదు. ఆయన కోటు మీద ఎప్పుడూ ఒక్క ముడతుండదు. చాటుగా మేమందరం ‘ఇస్త్రీ’ అనేవాళ్లం. నెలాఖరు కాగితం తీసుకెళ్లి ముందు పెడితే వేలితో దూరంగా నెట్టాడు.

“ఏంటయ్యా ఇది, ఎవరో చచ్చినట్టు ఈ ఎర్ర అక్షరాలు? పైవాళ్లకి పోయే కాగితం. శుభ్రంగా ఉండాలి.”

“పలకని మిషన్లండీ. కొన్ని ఆపేసుంటాయి. కొన్ని చెడిపోయుంటాయి.”

“పలకనివాటితో మనకేం పని? పలికినవాటి సంగతి రాయి.”

గదికొచ్చి స్క్రిప్టులో ఒక్క వరుస చేర్చాను. తప్పొస్తే నోరు మూసుకుని ముందుకు పొమ్మని ఆ వరుస అర్థం. అప్పట్నించి కాగితం శుభ్రంగా వచ్చేది. ఒక్కో పేరుకీ ఎదురుగా ఒక అంకె, ఆ కంప్యూటరు ఎన్నిసార్లు ఆగిందో చెబుతూ. పలకని కంప్యూటరు ఎదుట కూడా సున్నా పడేది. అది నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. కొన్నాళ్లకు తెలుసన్న సంగతే మరిచిపోయాను.

రెండో వార్డు కంప్యూటరు మూడు నెలల కిందట కాలిపోయింది. ఆరు పడకల గుండె గీతలు దాని తెర మీదే నడుస్తాయి. తేడా వస్తే దానికి తగిలించిన స్పీకరే మోగాలి. పడకల పక్కన చిన్న పెట్టెలుంటాయి గానీ, రోగులకు నిద్ర పట్టడం లేదని వాటి నోళ్లు ఎప్పుడో నొక్కేశారు. కొత్త కంప్యూటరు రావాలంటే ఎన్ని బల్లలు దాటాలో నాకు తెలుసు. స్టోరులో ఒకటి ఊరికే పడుంటే భుజాన వేసుకొచ్చి, ఆ గంటలోనే బిగించేశాను.

“దీని పేరు మార్చాలి వదినా. మార్చాక ఒకసారి ఆపి లేపాలి. ఐదారు నిమిషాలు.”

“ఇప్పుడా? ఆరు పడకలూ నిండున్నాయి మరిదీ. ఖాళీగా ఉన్నరోజు నేనే పిలుస్తా. అప్పుడు ముద్దుపేరు కూడా పెట్టుకో.”

సరే అన్నాను. పడకలు ఖాళీ కాలేదు. ఆమె పిలవలేదు. నేనూ అడగలేదు.

ఆ కంప్యూటరున్న టేబులుకు ఒక కాలు పొట్టి. మందుల డబ్బా అట్టను నాలుగు మడతలు పెట్టి కిందకు తోశాను. ఆరో పడకలో ఒక వడ్రంగి చేరాడు. పడుకున్నచోటి నుంచి ఆయనకా టేబులు కనిపించేది. “సిస్టరమ్మా, ఆ అట్టముక్కను చూస్తుంటే నా గుండె ఇంకా పాడవుతోంది. లేచిన రోజున ముందు దాని కాలు సరిచేసి గానీ ఇంటికి పోను” అనేవాడట. “ముందు నువ్వు లే బాబాయ్, టేబులు ఎక్కడికీ పోదు” అనేదట వదిన. ఇంటికొచ్చి ఆయన గొంతుతోనే చెప్పి నవ్వించేది.

ఆయన లేవలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండూ పావు ప్రాంతంలో ఆయన గుండె ఆగి ఉంటుందన్నారు. డాక్టరు వచ్చేసరికి రెండూ ఇరవై ఆరు. అప్పటికే ఒళ్లు చల్లబడుతోందట.

నాకు మూడింటికి తెలిసింది. ఆ పూట నాకు స్టోరు కంప్యూటర్ల పని ఉండింది. వాటికి కొత్త మార్పులు ఎక్కించి, ఒకసారి ఆపి లేపాలి. రెండింటి నుంచి మూడింటి దాకా స్టోరు మూసుంటుంది కాబట్టి ఆ వేళ ఎంచుకున్నాను. నా గదిలోంచే నాలుగింటికీ ఒకేసారి ఆజ్ఞ పంపి, పైన క్యాంటీనుకు భోజనానికెళ్లాను. కిందికొచ్చేసరికి రెండో వార్డు ముందు జనం. వదిన గోడకానుకుని నిలబడుంది. చేతికి తొడుక్కున్న రబ్బరు తొడుగు తియ్యడం కూడా మరిచిపోయింది.

“తెర ఆరిపోయింది మరిదీ,” అంది. “దానంతటదే ఆరిపోయింది.”

వార్డులో ఆ వేళ ఆమె ఒక్కతే. తెర నల్లబడగానే నా గదికి రెండుసార్లు ఫోన్ చేసిందట. ఎవరూ ఎత్తలేదు. పడకల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ బయల్దేరింది. రెండో పడకలో మగతలో ఉన్న మనిషి సెలైను సూది పీకేసుకున్నాడు. మంచమంతా నెత్తురు. దాన్ని ఆపడానికి పట్టిన సమయం పట్టింది. ఈలోగా తెర వెలగడం చూసి పరిగెత్తుకొచ్చి పాస్‌వర్డు కొట్టింది. ఆరో గీత చదునుగా ఉంది. ఇదీ ఆమె చెప్పింది. వార్డు ముందు నాకెలా చెప్పిందో రాత్రి ఇంట్లో అన్నకూ అలాగే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పింది.

బుధవారం పొద్దున్నే ఇస్త్రీ నన్ను పిలిచాడు.

“వార్డుల కంప్యూటర్లు నిన్న ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఏం చేశాయో నీ స్క్రిప్టుతో తీసివ్వు. మీ వదినని చెప్పి అటూ ఇటూ చేస్తే మాత్రం నీకు బాగుండదు.”

“నేనేం చెయ్యనండీ. మిషన్ ఏం చెబితే అదే.”

గదికొచ్చి వార్డుల పేర్లున్న ఫైలు పెట్టి స్క్రిప్టు నడిపాను. మూడు నిమిషాల్లో కాగితం వచ్చింది. వార్డు-1 సున్నా. వార్డు-2 సున్నా. వార్డు-3 ఒకటి, పొరపాటున ఎవరో ఆపి వెంటనే లేపారు. వార్డు-4 సున్నా.

రెండో వార్డు ఎదుటి సున్నాను చాలాసేపు చూశాను. ఆమె అబద్ధమాడదని నాకు తెలుసు. స్క్రిప్టు అబద్ధమాడదని కూడా నాకు తెలుసు. రెండోది నేను రాసింది. ఆ కాగితమే తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ సాయంత్రం వదిన గుమ్మంలోనే నన్నాపింది.

“ఏమంది నీ మిషను?”

“సున్నా అంది వదినా.”

“అంటే?”

“అంటే... ఆగలేదని.”

“అయితే నేను అబద్ధమాడుతున్నానా?”

“నేననట్లేదు. అది అంటోంది.”

ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకున్నా పాపం పోదు. వదిన లోపలికెళ్లి స్టవ్ వెలిగించింది. దాని మీద ఏమీ పెట్టలేదు. కాసేపయ్యాక అన్న వెళ్లి ఆర్పేశాడు.

ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. ఇస్త్రీ ఒకడు, బయటినుంచి వచ్చిన డాక్టరొకాయన, ఒక పెద్ద నర్సమ్మ. నా కాగితం ఫైల్లో మొదట పెట్టారు. గుండె గీతల్ని చూపించే ఆ పాత ప్రోగ్రాము దేన్నీ దాచుకోదు, చూపించి మరిచిపోతుంది. రెండో పడక మనిషి మగతలో ఉన్నాడు, సూది ఎప్పుడు పీక్కున్నాడో చెప్పలేడు. ఆసుపత్రి లోపలి ఫోను కాబట్టి, చేసిందనడానికి గుర్తు లేదు. నేను గదిలో లేనన్నాను. మోగిందో లేదో నేనెలా చెప్పను? మిగిలింది ఆమె మాట, నా సున్నా.

“తెర వెలుగుతూనే ఉంది, స్పీకరు మోగుతూనే ఉంది. పది నిమిషాలు మోగినా మీకు వినపడలేదంటే మీరక్కడ లేరు, లేదా నిద్రపోయారు. రెండిట్లో ఏది?” అని అడిగారట.

“రెండూ కాదు,” అని మొదటిరోజు గట్టిగా అంది. రెండోరోజు, “కాదండీ,” అంది. మూడోరోజు ఏమీ అనలేదట.

మనిషిని కొట్టక్కర్లేదు. ఒకే ప్రశ్న రోజూ ఒకే గొంతుతో అడిగితే చాలు. వారం తిరిగేసరికి వదిన ఇంట్లో ఒక పని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేది. చేతిలో గిన్నె పట్టుకుని, “ఇది కడిగానా?” అని అడిగేది. తాళం వేసి నాలుగడుగులు వేసి వెనక్కొచ్చేది. తన మాట మీద తనకు నమ్మకం సన్నగిల్లుతుంటే నేను చూస్తూనే ఉన్నాను. గోడకు చెమ్మ ఎక్కినట్టు కిందినుంచి పైకి ఎక్కింది.

మరుసటి గురువారం సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. అన్న చేతి వేళ్ల సందుల్లో టైరు నలుపు. ఎంత తోమినా పోదది. వదిన ఆ వేళ్లనే చూస్తూ అడిగింది.

“మనిషి కళ్లు తెరుచుకుని నిద్రపోతాడా?”

“ఏం మాటలే అవి?” అన్నాడు అన్న.

“మీ డిపోలో ఒకాయన నిలబడే నిద్రపోతాడని నువ్వే చెప్పావుగా.”

“వాడు తాగుబోతు. నువ్వూ వాడూ ఒకటా?”

“ఆ ముందు రెండు రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. కూర్చున్నచోటే కునుకు పట్టిందేమో. తెర ఆరిపోవడం కలలో చూశానేమో. ఆ నెత్తురు మాత్రం నిజం. చేతులు కడుక్కున్నాను కదా.” నా వైపు తిరిగింది. “మిషన్‌కి నా మీద పగేం లేదు కదా మరిదీ, అబద్ధం చెప్పడానికి?”

నేను మెడలోని వైరు చుట్ట తీసి పక్కన పెట్టాను.

“రేపు పదింటికి వాంగ్మూలం మీద సంతకం పెట్టమన్నారు. కునుకు పట్టి ఉండొచ్చు అని రాసుకొచ్చారు. పెట్టేస్తాను. నాకు నర్సుగా ఇక పని ఉండదు. పోలీసులకు కూడా పంపుతారట. పంపనీ. ఆ బాబాయ్ కూతురు రోజూ వరండాలో కూర్చుంటోంది. ఎవరో ఒకరు అవునని చెబితే ఇంటికి పోతుంది.”

అన్న లేచి బయటికెళ్లాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఏడవడం నేను వినలేదు. ఆ రోజు గోడ అవతల నుంచి విన్నాను.

శుక్రవారం తొమ్మిదింపావుకు నా గదిలో ఉన్నాను. స్టోరు గుమాస్తా వచ్చాడు. నడుముకు అరవై తాళాల గుత్తి వేలాడుతుంది కాబట్టి ఆయన వస్తున్నట్టు మెట్ల మీదే తెలిసిపోతుంది. తాళాలాయన అంటాం.

“ఏమయ్యా వైరూ, నా సొత్తు ఎప్పుడిస్తావు?” అన్నాడు తల వంచి లోపలికి చూస్తూ.

“ఏం సొత్తు?”

“నా నాలుగో కంప్యూటరు. మూడు నెలలైంది ఎత్తుకుపోయి. అప్పు తీసుకున్నవాడికి జ్ఞాపకం ఉండదు, ఇచ్చినవాడికి నిద్ర ఉండదు. ఆడిట్‌ వాళ్లొస్తున్నారు. నాలుగు రాసుంది, మూడే ఉన్నాయి. మీ వదినను ఇప్పుడు అడగడం బాగోదని నీ దగ్గరికొచ్చాను.”

ఆయనింకా ఏదో అంటున్నాడు. నాకు వినపడలేదు.

స్టోరు-4. రెండో వార్డులో ఉన్నది స్టోరు-4. పేరు మార్చలేదు. వార్డు-2 అన్న పేరుతో పిలిస్తే పలకడానికి ఆ పేరుగల కంప్యూటరు ఈ భూమ్మీద లేదు. అది కాలిపోయి నా గదిలోనే, నా కాళ్ల దగ్గరే, పాత వైర్ల కింద పడుంది. దాన్ని నేను రోజూ కాళ్లు చాపుకోవడానికి పీటలా వాడుకుంటున్నాను. స్క్రిప్టు దాన్ని పిలిచింది. అది పలకలేదు. గోల పెట్టాల్సిన స్క్రిప్టు, నేను నేర్పినట్టే, నోరు మూసుకుని సున్నా వేసింది.

మంగళవారం రెండూ పదకొండుకు స్టోరు కంప్యూటర్లు నాలుగింటినీ ఆగి లేవమన్నది నేను.

“నీ మొహమేంటయ్యా అలా పాలిపోయింది? ఇవాళే ఇమ్మనట్లేదు,” అన్నాడు తాళాలాయన.

ఆయన్ని పంపేసి తలుపు వేశాను. పేర్ల ఫైల్లో ఒక్కటే పేరు రాశాను. స్క్రిప్టు నడిపాను. అది పిలవగానే పలికింది. పది రోజులుగా ఎవరైనా అడుగుతారా అని కూర్చున్నట్టు చిట్టా మొత్తం విప్పింది.

2:11:08. ఆగి మళ్లీ లేవమని ఆజ్ఞ. ఇచ్చినవాడి పేరు, నాది.
2:11:31. ఆగింది.
2:22:19. లేచింది.
2:22:47. వదిన పేరు మీద పాస్‌వర్డు. తప్పు.
2:23:02. మళ్లీ తప్పు.
2:23:20. సరైంది.

ఆ రెండు తప్పుల దగ్గర నేనాగిపోయాను. రోజూ కొట్టే ఎనిమిది అక్షరాలు. రెండుసార్లు తప్పాయంటే ఆ వేళ్లు ఎలా వణికుంటాయో, వాటి మీద రెండో పడక నెత్తురు ఎంతుందో నాకు కనిపించింది. నిద్రలేచిన మనిషి వేళ్లు కావవి.

తుడవాలన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. తుడిస్తే మొదటి వరుసలో ఎవరి పేరుంటుందో కూడా గుర్తొచ్చింది. అంతకంటే ముందు వదిన గిన్నె పట్టుకుని ‘ఇది కడిగానా’ అని అడిగిన గొంతు గుర్తొచ్చింది. కాగితం అచ్చు తీశాను. పది కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మెట్లెక్కాను.

కమిటీ వాళ్లు ఆ రోజు ముందే వచ్చారు. తలుపు తోసేసరికి వదిన కలానికి మూత పెడుతోంది. వెనక కుర్చీలో వడ్రంగి కూతురు. ముప్పై ఏళ్లుంటాయి. ఒళ్లో ఒక బట్టసంచి, అందులోంచి బయటికి తేలిన తండ్రి చెప్పులు.

“ఆగండి,” అన్నాను. “సున్నా తప్పు.”

ఇస్త్రీ నా చేతిలో కాగితం తీసుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

“ఇది స్టోరు కంప్యూటరు కదా? దీనికీ వార్డుకీ ఏం సంబంధం?”

“అదే వార్డులో ఉందండీ. నేనే పెట్టాను. పేరు మార్చలేదు.”

“ఆజ్ఞ ఇచ్చినవాడి పేరు చూశావా?”

“చూశానండీ.”

గొంతు తగ్గించాడు. “ఆమె సంతకం పెట్టేసింది. ఇప్పుడు నువ్వు ఇది తెచ్చావు. ఒకే ఇంట్లో ఇద్దరూ పోవాలా? ఆలోచించుకో. బయట ఐదు నిమిషాలు నిలబడి రా.”

“మీరే కదండీ పలకనివాటితో మనకేం పనన్నారు,” అన్నాను. నేను ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

వాళ్లను రెండో వార్డుకు తీసుకెళ్లాను. టేబులు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కంప్యూటరు పెట్టెను ముందుకు లాగాను. వెనకవైపు అంటించిన తెల్ల చీటీ మీద నా చేతిరాతతో ‘స్టోరు-4’ అనుంది. పొట్టి కాలు కింద అట్టముక్క అలాగే ఉంది. వడ్రంగి కూతురు దాన్ని చూసింది. తండ్రి దాని సంగతి ఆమెకు చెప్పాడో లేదో నాకు తెలియదు.

“ఎన్ని నిమిషాలు?” అని అడిగింది.

“పదకొండు. మళ్లీ గీతలు కనపడేసరికి పన్నెండు.”

“ఆ పన్నెండు నిమిషాలూ మీరెక్కడున్నారు?”

“క్యాంటీన్లో.”

“ఏం చేస్తున్నారు?”

“భోజనం చేస్తున్నాను.”

ఆమె తల ఊపింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. సంచిలో చెప్పులు లోపలికి నెట్టుకుని వెళ్లిపోయింది. మరునాటి నుంచి వరండాలో కనిపించలేదు.

ఫైల్లో చేరిన కాగితం తియ్యడం కుదరదన్నారు. వదిన సంతకం పెట్టిన వాంగ్మూలం అలాగే ఉంది, దాని వెనక నా కాగితం. ఆమె తప్పేమీ లేదని నెల తర్వాత ఉత్తరం వచ్చింది. నా ఉద్యోగం ఆ శుక్రవారమే పోయింది. నా మీద కేసు నడుస్తోంది. నడవాల్సిందే. తాళాలు అప్పజెప్పే ముందు ఆ స్క్రిప్టులోంచి నేను చేర్చిన వరుస తీసేసి, నూట పన్నెండింటినీ చివరిసారి పిలిచాను. తెర నిండా ఎరుపు. పలకనివి తొమ్మిది. అందులో ఒకటి పిల్లల వార్డుది. ఆ కాగితం అచ్చు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాను. దాన్నాయన ఏం చేశాడో నాకు తెలియదు.

ఆ శుక్రవారం సాయంత్రమే చిట్టా కాగితాన్ని వదిన ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని వేలు కింద పెట్టుకుంటూ చదివింది.

“చూశావా వదినా. నువ్వు నిద్రపోలేదు. ఇదిగో, నీ పాస్‌వర్డు. రెండుసార్లు తప్పు కొట్టావు.”

“ఆ పాస్‌వర్డు వార్డులో అందరికీ తెలుసు కదా మరిదీ. ఊడ్చే ఆయమ్మకు కూడా తెలుసు. పొద్దున నేను తెరిస్తే సాయంత్రం దాకా అందరూ దాని మీదే చేసేవాళ్లం.”

“ఆ వేళ వార్డులో నువ్వు తప్ప ఎవరూ లేరు.”

“లేరని నేనే కదా చెప్పింది.”

“వదినా, ఇది మిషన్ చెబుతోంది.”

కళ్లద్దాలు తీసింది. నన్ను చిన్నప్పట్నించీ చూసినట్టే చూసింది, అన్నం తినకుండా తిన్నానని చెబుతున్నవాణ్ణి చూసినట్టు.

“అప్పుడు సున్నా అంది. ఇప్పుడు పదకొండంటోంది. రెండూ నువ్వే తెచ్చావు. నన్ను బయటపడెయ్యడానికి నేరం నెత్తికెత్తుకున్నావేమోనని నాకు అనిపిస్తే నా తప్పా? నువ్వు ఆ పని చేసే మనిషివి కూడా.”

“ఒట్టు వదినా.”

“సర్లే,” అంది. కాగితాన్ని మడిచి నాకిచ్చేసింది. “తిను.”

ఆసుపత్రి వాళ్లు వదినను మళ్లీ రమ్మన్నారు. వెళ్లలేదు. ఏ పడక పక్కన కూర్చున్నా తన కళ్ల మీద తనకు నమ్మకం లేదంటుంది.

ఇప్పుడు రోజూ భోజనమయ్యాక, రెండు కాగానే, వదిన వంటింట్లోంచి కుర్చీ తెచ్చి ముందుగదిలో గోడకెదురుగా వేసుకుని కూర్చుంటుంది. గోడ మీద గడియారం తప్ప ఏమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తుంది. తనకు కునుకు పడుతుందో లేదో చూసుకుంటోంది. నేను పని లేనివాణ్ణి, ఇంట్లోనే ఉంటాను కాబట్టి పక్కన నేల మీద కూర్చుంటాను. అది నాకప్పగించిన పని. ఆమె కళ్లు మూసుకుంటే చెప్పాలి.

మూసుకోదు. రెండున్నరకు లేచి కుర్చీ లోపల పెడుతుంది.

“ఇవాళ కూడా నిద్ర రాలేదు,” అంటుంది.

“రాలేదు వదినా,” అంటాను.

“రేపు చూద్దాం.”